తొలి ప్రయాణము – తనంతట తాను

ప్రయాణము చదువులో ఒక భాగమని పెద్దలందరును అంగీకరింతురు. కాని ఆ ప్రయాణమును పదునెనిమిదేండ్లు నిండిన కుమారుడో, కుమార్తెయో ఒంటరిగ చేయుదుననినచో, అందులోను పుణ్యక్షేత్రమునకు గాక ఒక వినోదస్థలమునకు పోవుదుననినచో, ఆ అంగీకారము అప్పటికప్పుడే సన్నగిల్లును. ‘ఒక్కడివే ఎందుకు?’ అని ఒక ప్రశ్న. ‘అచ్చట ఏమున్నది?’ అని రెండవ ప్రశ్న. ‘మేమెవరమైన వచ్చునప్పుడు చూడవచ్చునులే’ అని తీర్పు. ఇంతటితో ఆ కోరిక ఇంటి మూలను పడి మాసిపోవును.

ఈ తీర్పును పునరాలోచింపవలసినదని తల్లిదండ్రులను కోరుటకే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము. మా అభిప్రాయమును దాపరికము లేక ముందుగనే చెప్పెదము: యుక్తవయస్సు వచ్చిన ప్రతి విద్యార్థియు, ప్రతి విద్యార్థినియు జీవితములో చేయు మొదటి ఒంటరి ప్రయాణము అవసరమునకై గాక ఆనందమునకై జరుగుట మేలు.

కారణము సులభముగ గ్రహింపదగినదే. మన పిల్లలు మొదటిసారి ఒంటరిగ రైలెక్కునది సాధారణముగ ఎప్పుడు? ప్రవేశ పరీక్షకై, ఉద్యోగపు ఇంటర్వ్యూకై, లేదా దూరముననున్న ఆసుపత్రిలోని బంధువునకు తోడుండుటకై. ఆ వేళలలో పొరపాటు జరిగిన నష్టము పెద్దది. రైలు తప్పిన పరీక్ష తప్పును. కాగితము మరచిన ఉద్యోగము తప్పును. అట్టి దినమున దారి అడుగుట, బస వెదకుట, డబ్బు లెక్క చూచుకొనుట మొదటిసారిగ నేర్చుకొనుమనుట ఈతరాని వానిని వరద నీటిలోనికి దింపుటయే. వినోదయాత్రలోనో, పొరపాటు జరిగినను పోవునది ఒక పూట కాలము, కొంత ధనము మాత్రమే. చెరువు గట్టున లోతులేని చోట ఈత నేర్చుటకు ఇది తగిన తావు.

ఇక స్థలము సంగతి. మన బరంపురపు పిల్లలు ఎక్కువమంది పేరు చెప్పునది హైదరాబాదు చేరువనున్న రామోజీ ఫిల్మ్ సిటీ. దానిని చెఱుకూరి రామోజీరావు 1996లో నెలకొల్పిరి. వారు 2024 జూన్ 8న పరమపదించిరి. ప్రపంచములోని చలనచిత్ర నిర్మాణ ప్రాంగణములలో అది మిక్కిలి పెద్దదని గిన్నిస్ పుస్తకము వారు గుర్తించి, దాని విస్తీర్ణము 674 హెక్టారులని పేర్కొనిరి. ఒక హెక్టారు సుమారు రెండున్నర ఎకరములు గనుక ఇది ఎన్ని ఎకరములగునో విద్యార్థులే లెక్క వేసికొందురు గాక. ఆ ప్రాంగణములో చిత్రనిర్మాణమునకై కట్టిన వీధులు, కోటలు, తోటలు కలవు. పక్షుల వనము, సీతాకోకచిలుకల వనము కలవు. ఆటలు, ప్రదర్శనలు కలవు. రాత్రి బస చేయదలచిన వారికి హోటళ్లును అచ్చటనే కలవు. సందర్శకులను ఆ ప్రాంగణపు బస్సులే చోటు నుండి చోటునకు త్రిప్పును.

‘ఇదంతయు అట్టముక్కల లోకము గదా, చూచి నేర్చునదేమి?’ అని కొందరందురు. అట్టముక్క అని తెలిసికొనుటయే ఒక విద్య గాదా? తెర మీద రాజభవనమును చూచి నిజమని నమ్మిన బాలుడు, దాని వెనుకకు పోయి కఱ్ఱలును, ప్లాస్టరును చూచినప్పుడు, చూపునకును సత్యమునకును గల భేదమును ఏ పాఠములోను నేర్వనంత చక్కగ నేర్చును. అయినను మేము ఈ వాదముపై ఆధారపడము. సంతోషపడుటకు పోవుట తప్పు కాదనుటయే మా అసలు మాట. తీర్థమునకు పోయినవాడు దర్శనము కాగానే బజారులో బొమ్మలు కొనుటయు, రంగులరాట్నమెక్కుటయు మనమెరుగనిది కాదు. పుణ్యమను ముసుగు వేసికొని వినోదించుటకంటె, వినోదమునకే పోవుచున్నానని నిజము చెప్పిన పిల్ల మెచ్చదగినది.

‘ఒంటరి’ అను మాటను గూర్చి ఒక్క ముక్క చెప్పవలసియున్నది. మన భాషలో ఈ పదమునకు జాలి అంటుకొనియున్నది. ఒంటరివాడు, ఒంటరిది అనగనే దిక్కులేనివారను భావము స్ఫురించును. కాని మన భాషలోనే ‘తనంతట తాను’ అను మరియొక చక్కని పలుకుబడి కలదు. పసిబిడ్డ తనంతట తాను నిలుచున్న దినమున ఇల్లంతయు పండుగ చేసికొందుము. తనంతట తాను అన్నము కలుపుకొని తినిన దినమున మురిసిపోవుదుము. అదే బిడ్డ పదునెనిమిదేండ్లకు తనంతట తాను ఒక ఊరికి పోయి వత్తుననినప్పుడు మాత్రము ‘ఒంటరిగనా?’ అని ఏల వెఱచుచున్నాము?

ఈ వెఱపు ఆడపిల్ల విషయమున ఇబ్బడిముబ్బడి యగుచున్నది. తిరిగి చెడినది ఆడుదియనియు, తిరుగక చెడినవాడు మగవాడనియు మనకొక పాత సామెత కలదు. సామెతలన్నియు సత్యములు గావు. కొన్ని ఆ కాలపు భయములు మాత్రమే. నేడు మన బాలికలు నర్సులై, ఉపాధ్యాయినులై, గణక యంత్రముల పనులు నేర్చినవారై భువనేశ్వరమునకు, విశాఖపట్టణమునకు, బెంగుళూరునకు పోవుచున్నారు. సంపాదన కొరకు పోవుటకు అడ్డురాని సామెత సంతోషము కొరకు పోవునప్పుడు మాత్రము అడ్డు వచ్చుట న్యాయము గాదు. ‘పెళ్లయ్యాక ఆ ఊరూ ఈ ఊరూ ఆ అబ్బాయే తిప్పుతాడులెండి మాస్టారూ’ అని తండ్రులు మాతో అనుట కలదు. వారి ప్రేమను మేము శంకింపము. కాని ఆ మాటలోని అర్థమేమి? కుమార్తె తన కన్నులతో లోకమును చూచు హక్కును ఎవరో ముందుముందు తెచ్చి ఇత్తురని చెప్పుటయే గదా! ఇచ్చువాడు ఇయ్యనినాడు ఆమె గతి యేమి? అన్నకు చెల్లునది చెల్లెలికిని చెల్లవలెను. చెల్లెలికి పెట్టు నిబంధన అన్నకును పెట్టవలెను.

భయపడుటకు తగిన కారణములే లేవని మేము చెప్పము. మోసగాండ్రు కలరు, దొంగలు కలరు, హద్దు మీరి మాటలాడువారు కలరు. అయితే భయమునకు మందు నిషేధము గాదు, సిద్ధపాటు. మన వారిలో తొలి యాత్రాచరిత్రకారుడని పేరొందిన ఏనుగుల వీరాస్వామయ్యను తలచుకొందము. ఆయన 1830 మే నెలలో చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చెను; తిరుగుదారిలో మన గంజాము మీదుగనే దక్షిణమునకు సాగెను. ఆయన ఒంటరిగ పోలేదు. పెద్ద పరివారముతో పోయెను. అయినను మజిలీకి మజిలీకి గల దూరము, దొరకు వస్తువులు, నీటి వసతి, బాటల తీరు దినదినము వ్రాసియుంచెను. ఆ గ్రంథము 1838లో అచ్చయ్యెను. రైలు లేని నాడు వీరాస్వామయ్య చూపిన జాగ్రత్తలో సగమైనను చూపినచో, రైలున్న నాడు మన పిల్లలు సుఖముగ పోయి రాగలరు.

కావున సిద్ధపాటెట్లుండవలెనో కొంచెము వివరించెదము. మొదటి నియమము: యోజన ప్రయాణికుడే వ్రాయవలెను. తండ్రి టిక్కెట్టు కొని, మామ బస కుదిర్చి, బాబాయి స్టేషనులో నిలుచుండినచో పిల్లవాడు చేసినది ప్రయాణము గాదు; వాడు ఒక మూటవలె చేరవేయబడినాడు, అంతియే. ఒక నోటుపుస్తకము తీసికొని, పోవు దినము, వచ్చు దినము, బండి పేరు, బస, ఖర్చు తానే వ్రాసి పెద్దలకు చూపవలెను. పెద్దలు దానిని పరీక్షించి తప్పులుండిన చూపవచ్చును. కొట్టివేసి తామే వ్రాయరాదు.

రైలు టిక్కెట్ల ముందస్తు రిజర్వేషను గడువు ఇదివరకు 120 దినములుండెను. 2024 నవంబరు 1 నుండి 60 దినములకు తగ్గింపబడినది. కావున రెండు నెలల ముందు తేదీని నిర్ణయించుకొని, పోవుటకును వచ్చుటకును టిక్కెట్లు ఒకేసారి చూచుకొనవలెను. కోణార్క్, ఫలక్‌నుమా మున్నగు ఎక్స్‌ప్రెస్సులు మన ఊర ఆగి హైదరాబాదు దిక్కునకు పోవుచున్నవి. ఒక రాత్రి బండిలో గడపవలసిన దూరమిది. ఏ స్టేషనులో దిగవలెనో టిక్కెట్టుపై చదువుకొనుట ముఖ్యము. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినలు ప్రారంభమైన పిదప కొన్ని బండ్లు సికిందరాబాదునకు బదులు అచ్చటనే ఆగుచున్నవి.

సికిందరాబాదులో దిగినవారు సికిందరాబాదు వెస్టు అను మెట్రో స్టేషనులో ఆకుపచ్చ మార్గపు బండి నెక్కి, మహాత్మాగాంధీ బస్సు స్టేషను వద్ద ఎఱ్ఱ మార్గమునకు మారినచో, ఆ మార్గపు చివరి స్టేషనైన ఎల్.బి. నగరు చేరుదురు. ఫిల్మ్ సిటీ విజయవాడకు పోవు రహదారి ప్రక్కన, హయత్‌నగరు దాటిన పిదప వచ్చును, ఎల్.బి. నగరు నుండి ఆ దారిని పోవు బస్సులు దొరకును. ఈ దారిని ముందుగ పటము మీద వ్రేలితో గుర్తించి చూచుకొనిన పిల్లకు, ఆటోవాడు మరియొక దారి పట్టినప్పుడు వెంటనే తెలియును. పటము చదువుట నేర్పినది పరీక్షలో మార్కులకే గాదని అప్పుడు బోధపడును.

రాత్రి బండి దిగిన దినముననే ఫిల్మ్ సిటీకి పరుగెత్తరాదు. నిద్రలేని కన్నులతో చూచినది మనసున నిలువదు. ఆ దినము స్నానము చేసి, విశ్రమించి, సాయంకాలము ఊరిలో ఒక చోటు చూచి, మరునాడు ఉదయముననే బయలుదేరి దినమంతయు అచ్చట గడపవలెను. సాలార్‌జంగు మ్యూజియము చూడదలచినచో అది శుక్రవారము మూయబడునని గుర్తుంచుకొనవలెను. వేసవి యెండలో ఆరుబయట తిరుగుట కష్టము గనుక నవంబరు మొదలు జనవరి వరకు గల చలికాలము మేలు. ప్రవేశ రుసుము, వేళలు మారుచుండును గనుక బయలుదేరుటకు ముందు నిర్వాహకులనే అడిగి తెలిసికొనవలెను.

బసకు ముందుగ ఫోను చేసి, ‘నేను ఒక్కతెను వచ్చుచున్నాను, గది ఇత్తురా?’ అని స్పష్టముగ అడుగవలెను. కొన్ని హోటళ్లవారు ఒంటరిగ వచ్చిన యువతులకు గది ఇయ్యరు. ఆ సంగతి రాత్రివేళ గుమ్మము ముందు తెలియుటకంటె ఇంటనుండగనే తెలియుట మేలు. ఆధారు కార్డు అసలును, వేరొక సంచిలో దాని నకలును ఉంచుకొనవలెను. తిరుగు ఖర్చునకు సరిపడు ధనమును తక్కిన ధనముతో కలుపక విడిగ దాచవలెను. సెల్‌ఫోను పనిచేయనినాడు అక్కరకు వచ్చునది చేతిలోని రొక్కమే. రైలులో సహాయమునకు 139, ఏ ఆపదకైనను 112, మహిళల సహాయమునకు 181 అను అంకెలను ఫోనులోనే గాక కాగితము మీదను వ్రాసికొనవలెను. ఇంటి నంబరును కంఠస్థము చేయవలెను.

ఇంత చేసినను అనుకొననిది జరుగవచ్చును. అమెరికాలో వాల్ట్ డిస్నీ నిర్మించిన డిస్నీలాండు 1955 జూలై 17న తలుపులు తెరచిన దినమున, దొంగ ఆహ్వానపత్రములతో జనము విరుచుకొనిపడిరి. ఎండకు కొత్త తారు మెత్తబడి స్త్రీల చెప్పుల మడమలు దిగబడెను. త్రాగునీటి కుళాయిలు చాలకపోయెను. ఎందరో నిపుణులు యోచించి కట్టిన స్థలమునకే మొదటి దినమట్లుండెను. కావున బస్సు ఆలస్యమైనను, వాన పడినను, చూడదలచిన ప్రదర్శన తప్పిపోయినను కృంగక, నవ్వి, ముందునకు సాగుట యాత్రలో ఒక పాఠమే.

ఇక మన భాషను గూర్చి. ఇది మన పాఠశాల పిల్లలకు ప్రత్యేకముగ చెందిన విషయము. 1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు బరంపురము అందు చేరినది. నాటినుండి తరతరములుగ మనము ఇంటను, తరగతిలోను తెలుగు, వీధిలోను కచేరిలోను ఒడియా మాటలాడుచు రెండు భాషలను రెండు కన్నులవలె కాపాడుకొనుచున్నాము. అయినను మన పిల్లల మనసులో ఒక సందేహము గూడు కట్టుకొనియుండును: ‘నా తెలుగు ఇంటికే గాని లోకమునకు పనికివచ్చునా?’ బండి ఇచ్ఛాపురము చేరగనే స్టేషను పలక మీది లిపి మారును. తరగతిలో దిద్దిన అక్షరములు స్టేషను మీద, బస్సు మీద, అంగడి మీద, కార్యాలయపు గోడ మీద నిలిచియుండుట ఆ పిల్ల తన కన్నులతో చూచును. పుస్తకములో మూయబడినదనుకొనిన భాష సంతలో బేరమాడుట చెవులార వినును. ఇది మేము ఏ పాఠమున చెప్పినను చాలదు, పోయి చూడవలసినదే.

అచ్చట ఎవరైన మన యాసను విని నవ్వవచ్చును. నవ్వినవారికి ‘మాది బరంపురమండీ’ అని తలయెత్తి చెప్పిన చాలును. 1969 నుండి 1974 వరకు భారత రాష్ట్రపతిగ నుండిన వి.వి. గిరి 1894లో జన్మించినది ఈ ఊరనే. మన పిల్ల తెలుగు, ఒడియా, కొంత హిందీ, కొంత ఇంగ్లీషు ఎరిగినది. బండిలో బాలేశ్వరపు ముసలమ్మతోను, హైదరాబాదు ఆటోవానితోను మాటలాడగల పిల్లకు లోపమేమి? రెండు రాష్ట్రముల నడుమ పుట్టుట కొఱతయని మనము వారికి తెలియకయే నేర్పితిమి. అది కలిమియని ప్రయాణము నేర్పును.

‘ఇదంతయు కలవారి మాట. మగ్గము నేసి, బండి లాగి బిడ్డను చదివించు మా సంగతేమి?’ అని అడుగువారు కలరు. ఆ ప్రశ్న న్యాయమైనది. మేము చెప్పునది ఫలానా స్థలమునకే పొమ్మని గాదు. శక్తి లేనినాడు గోపాలపురపు సముద్రతీరమునకు ఒక పూట, తప్తపాణి వేడినీటి ఊటలకు ఒక దినము తనంతట తాను పోయి వచ్చినను విద్య అదియే. ఒకటి తరువాత ఒకటిగ మెట్లు ఎక్కవచ్చును. మొదట ఊరిలోని బ్యాంకు పని ఒక్కరే చేయుట; పిదప ఇచ్ఛాపురమునకో, ఛత్రపురమునకో పోయి సాయంకాలమునకు తిరిగి వచ్చుట; పిదప భువనేశ్వరము. అచ్చటికి చేరువన 2024 మే నెలలో వండర్‌లా అను వినోదోద్యానమొకటి తెరువబడినది గనుక ఆటల ముచ్చట అచ్చటనే తీర్చుకొనవచ్చును. ఆ మెట్లు ఎక్కినవారికి హైదరాబాదు దూరముగ తోపదు.

పదునెనిమిదేండ్లు నిండని పిల్లలు ఒంటరిగ పోవలెనని మేము చెప్పుట లేదు. వారు పోవలసిన పని లేదు; కాగితముపై యోజన వ్రాయవచ్చును. దూరమును, ఖర్చును కట్టుట లెక్కల పాఠము. దారి గుర్తించుట భూగోళ పాఠము. హోటలువారికి ఉత్తరము వ్రాయుట తెలుగు పాఠము. తొమ్మిది, పది తరగతులలో అట్టి యోజనలు వ్రాయించినచో, వయస్సు వచ్చునాటికి ధైర్యము దానంతట అదే వచ్చియుండును.

తల్లిదండ్రులకు మా విన్నపములు రెండే. ప్రయాణములో ఉన్న బిడ్డకు గంట గంటకు ఫోను చేయవలదు. ఉదయమొకసారి, రాత్రి ఒకసారి మాటలాడుటకు ఒప్పందము చేసికొని ఇరువురును దానికి కట్టుబడియుండుడు. ఆ వేళ తప్పినచో మాత్రము ఉపేక్షింపవలదు. రెండవది: తిరిగి వచ్చిన బిడ్డను ‘ఎంత ఖర్చయినది?’ అని మొదట అడుగవలదు, ‘ఏమి చూచితివి?’ అని అడుగుడు. లెక్క మరునాడు చూడవచ్చును.

విద్యార్థులారా, మీకును ఒక మాట. పెద్దలు నమ్మకము నిచ్చినప్పుడు దానిని అప్పుగ భావింపుడు. ఇచ్చిన మాట ప్రకారము ఫోను చేయుడు. చెప్పిన దినమునకు తిరిగి రండు. మిగిలిన పైకమును లెక్కతో అప్పగింపుడు. మీరు ఈ అప్పు తీర్చిన తీరును బట్టియే మీ తరువాతి తమ్ముడికి, చెల్లెలికి దారి తెరువబడును, లేక మూయబడును. పోయి వచ్చిన పిమ్మట చూచినది, విన్నది, మోసపోయినది, మెచ్చుకొనినది ఉన్నదున్నట్లు రెండు పుటలు వ్రాసి ఈ పత్రికకు పంపుడు. మీ తరువాత బయలుదేరు వారికి మా ఈ వ్యాసముకంటె అదియే ఎక్కువ ఉపకరించును.